కోట శిలలు: నిధియా, నిక్షేపమా?

లోకములోని తగవులలో ముప్పాతికపాలు "ఇది ఎవరిది?" అను ఒక్క ప్రశ్ననుండియే పుట్టుచున్నవి. పొలముగట్టు తగవు మొదలుకొని రాజ్యముల సరిహద్దు తగవు వరకు ఇదియే ప్రశ్న. దీనికి సాధారణముగా వినవచ్చు సమాధానమును ఒక్కటియే: ముందు వచ్చినవానిది, తాతలనాటినుండి అనుభవించుచున్నవానిది. ఈ సమాధానము ఎంతవరకు ధర్మసమ్మతమో విచారించుటకై మేమీ వ్యాసమునందు ఒక విచిత్రమైన సాక్ష్యమును తీసికొనుచున్నాము. అది తాళపత్రగ్రంథము కాదు, తామ్రశాసనము కాదు. ప్రాణహితానది ఒడ్డున గల కొన్ని రాళ్ళును, ఆ రాళ్ళలో దొరకిన ఎముకలును మాత్రమే.

స్వరాష్ట్రమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి ఈ ప్రశ్న కేవలము పుస్తకములలోనిది కాదు. బళ్ళారిలోనైనను, హోసూరులోనైనను, బరంపురములోనైనను, షోలాపురములోనైనను "మీరు ఇక్కడికి ఎప్పుడు వచ్చితిరి?" అని అడుగువారు ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడుచునే యుందురు. మనము వెంటనే శతాబ్దములను లెక్కించుటకు మొదలుపెట్టుదుము. రాయలనాటి వారమని ఒకరు, అంతకు ముందే వచ్చినవారమని మరియొకరు చెప్పుకొందురు. ఈ లెక్క చెప్పుటలో తప్పు లేదు. కాని ఈ లెక్కయే మన హక్కునకు పునాదియైనచో ఆ పునాది ఎంత లోతునకు పోవును? ఎక్కడ ఆగును? దీనిని చూడవలసియున్నది.

ప్రాణహిత గోదావరిలో కలియుచోట, కాళేశ్వరమునకు ఎదుటిగట్టున, సిరొంచ యున్నది. నేడది మహారాష్ట్రములోని గడచిరోలి జిల్లాలోనిది; అచటి ప్రజలలో తెలుగువారు మెండు. ఆ ప్రాంతమునకు ఎగువగా ప్రాణహిత ఎడమగట్టున కోట అను చిన్న గ్రామము కలదు. ఆ గ్రామము పేరనే ఈ శిలాశ్రేణికి 'కోట' అని భూవిజ్ఞానులు పేరు పెట్టిరి. ఎఱ్ఱని బంకమన్నురాయి, ఇసుకరాయి, సున్నపురాయి పొరలుగా ఏర్పడిన ఈ శ్రేణి ఇంచుమించు 18 కోట్ల ఏండ్లనాటిదని చెప్పుదురు. భూవిజ్ఞానులు జురాసిక్ యుగమని వ్యవహరించు కాలమది. ఇచటి సున్నపురాళ్ళలో చేపల శిలాజములు దొరకినట్లు 1851 నాటికే లండనులోని భూవిజ్ఞాన పత్రికలో వర్ణింపబడెను. అందొక చేపకు దక్కను పేరు కలుపుకొని లెపిడోటిస్ దక్కనెన్సిస్ అని పేరిడిరి. నాగపురములో నుండిన మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ ఈ ప్రాంతపు శిలలను పరిశీలించిన తొలివారిలో నొకడు. 1881లో విలియం కింగ్ ప్రాణహితా–గోదావరీ లోయను గూర్చి విపులమైన గ్రంథమును ప్రకటించెను.

ఐనను ఈ శిలలకు ప్రపంచఖ్యాతి వచ్చినది చేపల వలన కాదు. ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో స్థాపించిన భారతీయ గణాంకశాస్త్రసంస్థ భూవిజ్ఞానమునకు కూడ ఒక శాఖను ఏర్పరచెను. లండనునుండి వచ్చిన పమేలా రాబిన్సన్ ఆ శాఖవారికి మార్గదర్శనము చేసెను. ఆ శాఖవారు 1958 మొదలు 1961 వరకు సిరొంచ తాలూకాలోని పోచంపల్లి పరిసరములలో మహాకాయములైన రాక్షసబల్లుల ఎముకలను వెలికితీసిరి. ఈ పోచంపల్లి 1951లో వినోబా భూదానోద్యమము మొదలైన పోచంపల్లి కాదు. పేరు మాత్రమే ఒక్కటి. ఇచట దొరకిన ఎముకలు ఇంచుమించు 300. అవి కనీసము ఆరు జంతువులవి. వానితోపాటు పెద్ద పెద్ద మ్రాకుల మొద్దులు రాయియై పడియుండెను. ఏదో మహావరద ఆ మందను, ఆ మ్రాకులను కలిపి కొట్టుకొని వచ్చి ఒక్కచోట పడవైచినదని పండితుల ఊహ. ఒక్క తొడయెముకయే 1.7 మీటర్ల పొడవు, అనగా నిలువెత్తు మనిషి యంత. మొత్తము జంతువు పొడవు సుమారు 14 మీటర్లు. ఇంతటి దేహముండియు అది ఆకులలములు మేయు సాధుజంతువే.

దీనికి 1975లో బారాపాసారస్ టాగోరై అని నామకరణము జరిగెను. వంగభాషలో 'బొడొ' అనగా పెద్ద, 'పా' అనగా కాలు. గ్రీకు భాషలో 'సారస్' అనగా బల్లి. ఎముకలు వెలికివచ్చిన 1961వ సంవత్సరము రవీంద్రుని శతజయంతి సంవత్సరము. కావున ఆ మహాకవి పేరును చేర్చిరి. ఆ అస్థిపంజరము నేడు కలకత్తాలోని ఆ సంస్థయొక్క ప్రదర్శనశాలలో నిలిచియున్నది. నదికి ఈవలిగట్టున, నాటి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి వద్ద, భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థవారికి మరియొక జాతి ఎముకలు 840 వరకు దొరకినవి. అవి 12 జంతువులవి. 1988లో పి. యాదగిరి దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టిరి. సుమారు 9 మీటర్ల పొడవు గల ఆ అస్థిపంజరమును హైదరాబాదులోని బిర్లా విజ్ఞానకేంద్రమున చూడవచ్చును.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. పోచంపల్లి ఎముకలు ఎవరివి?

నేలను బట్టి చెప్పుదమన్నచో, ఆ నేల 1950లో మధ్యప్రదేశమునకు చెందినది, 1956లో ద్విభాషా బొంబాయి రాష్ట్రమునకు మారెను, 1960లో మహారాష్ట్రమునకు వచ్చెను. ఎముకలు త్రవ్వుచున్న నాలుగేండ్లలోనే రాష్ట్రము పేరు ఒకసారి మారెను. నదికి ఈవలిగట్టు హైదరాబాదు రాష్ట్రములో నుండి, 1956లో ఆంధ్రప్రదేశములో చేరి, 2014లో తెలంగాణమైనది. రెండు గట్లక్రిందను ఉన్న శిల మాత్రము ఒక్కటియే. దానికి ఈ మార్పులేవియు తెలియవు. భాషను బట్టి చెప్పుదమన్నచో, ఆ పల్లె పేరు తెలుగు, రాష్ట్రభాష మరాఠీ, జంతువు పేరు వంగము, గ్రీకు. శ్రమను బట్టి చెప్పుదమన్నచో, కనుగొని పరిశోధించినవారు కలకత్తావారు. ఆ చేలను, ఆ వాగులను ఎరిగినవారు ఊరివారు. ఇక ప్రాచీనతను బట్టి చెప్పుదమన్నచో, ఆ అడవులలో తెలుగువారికంటె, మరాఠీలకంటె ముందునుండి గోండులున్నారు. ఈ శిలల కాలమునాటి మహాఖండమునకు గోండుల నేల పేరనే 'గోండ్వానా' అని ప్రపంచమంతయు వ్యవహరించుచున్నది. ఆ పేరు భూగోళములో అన్ని ఖండముల పుస్తకములకు ఎక్కినది గాని, గోండులకు ఒక్క ఎకరమునైనను తెచ్చిపెట్టలేదు.

ప్రాచీనతా వాదమును ఇంకను వెనుకకు నడిపించి చూతము. ఈ జంతువులు తిరిగిన నాడు మన దేశము ఆసియాలో లేదు. ఆఫ్రికా, మడగాస్కరు, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో కలిసి దక్షిణార్ధగోళమున నుండెను. తరువాత వానినుండి విడివడి, కోట్ల ఏండ్లు ప్రయాణము చేసి, సుమారు 5 కోట్ల ఏండ్ల క్రిందట ఆసియాను ఢీకొనెను. అనగా మనము "మీరెప్పుడు వచ్చితిరి?" అని ఒకరినొకరు ప్రశ్నించుకొనుచు నిలిచియున్న ఈ నేలయే ఎక్కడినుండియో వలస వచ్చినది! ముందు వచ్చినవానిదే హక్కు అన్నచో ఆ హక్కు తుదకు పోచంపల్లి రాక్షసబల్లికి కూడ దక్కదు; దానికి ముందును జీవులున్నవి. ఏ మెట్టుపై నిలిచినను దానిక్రింద మరియొక మెట్టు కనబడునట్టి వాదముపై ధర్మమును నిలుపుట అసాధ్యము.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చును. "కోట్ల ఏండ్ల లెక్కకును మనుష్యుల హక్కులకును సంబంధమేమి? నేల కదలినదని చెప్పి ఇల్లు కట్టుకొన్నవానిని వెడలగొట్టవచ్చునా?" అని. ఆక్షేపణ సమంజసమే. నేల ఎట్లు కదలినదో చెప్పు శాస్త్రము, మనుష్యుడు ఎట్లు నడువవలెనో చెప్పజాలదు. మేమును శిలలనుండి ధర్మమును పిండుటకు ప్రయత్నించుట లేదు. కేవలము ప్రాచీనతయే హక్కని చెప్పువారికి ఆ వాదము ఎంత దూరము పోయి ఎక్కడ కూలునో చూపుచున్నాము. ధర్మమునకు వేరే ఆధారమును వెదకవలసియున్నది.

ఆ ఆధారము మన పూర్వుల విచారణలోనే కలదు. ధర్మశాస్త్రములు భూమిలో దొరకిన ప్రాత సొమ్మును 'నిధి' యనియు, ఒకడు నమ్మి మరియొకనివద్ద ఉంచిన సొమ్మును 'నిక్షేప' మనియు చెప్పినవి. మనుస్మృతి పదునెనిమిది వ్యవహారపదములలో నిక్షేపమునకు ప్రత్యేకస్థానమిచ్చెను. నిధియొక్క యజమాని గతించిపోయినాడు. కావున దానిలో రాజునకెంత, కనుగొన్నవానికెంత అను పంపకము మాత్రమే మిగిలినది. నిక్షేపము అట్టిది కాదు. అది చేతిలో నున్నను మనది కాదు. దానిని తరుగనీయరాదు, మార్చరాదు, అడిగినప్పుడు చూపకుండరాదు. నిధి విషయములో "నా కెంత?" అను ప్రశ్న పుట్టును, నిక్షేపము విషయములో "నేనేమి చేయవలెను?" అను ప్రశ్న పుట్టును. రెంటికిని ఉన్న భేదము సొమ్ములో లేదు, మనస్సులో నున్నది.

కోట శిలలలోని ఎముకలను చూచినవారు మొదట వానిని నిధి యనియే అనుకొందురు. భూమిలో దొరకినవి గదా, యజమాని ఎవడును లేడు గదా! కాని ఆలోచించినచో అవి నిక్షేపములే యని మా అభిప్రాయము. ఉంచినవాడెవడని అడుగవచ్చును. వరద ఉద్దేశపూర్వకముగా ఉంచలేదు, నిజమే. ఐనను ఒక వస్తువు నిక్షేపమగుట ఉంచినవాని ఉద్దేశముపై మాత్రమే ఆధారపడదు. దానిని అడుగుటకు రాబోవువాని హక్కుపై కూడ ఆధారపడును. ఒక శిలాజమును మనము నేడు పగులగొట్టి సున్నపుబట్టీలో వేసినచో, రేపు దానిని చూచి తెలిసికొనవలసిన బాలుని నోటినుండి అన్నము లాగికొన్నట్లే. ఆ బాలుడు ఇంకను పుట్టలేదు. ఐనను అతనికి మనము బాకీయున్నాము. మన పెద్దలు చెప్పిన ఋషిఋణమునకు అర్థమిదియే. విద్యను ఇచ్చినవానికి తిరిగి చెల్లింపలేము. తరువాతివానికి అందించియే ఆ ఋణమును తీర్చుకొందుము.

ఇట్లు నిక్షేపధర్మమును అంగీకరించినచో పోచంపల్లి ఎముకల విషయమున తీర్పు కొంత స్పష్టమగును. కలకత్తావారు వానిని కొనిపోయి, శుభ్రపరచి, జతపరచి, నిలబెట్టి, లోకమునకు చూపిరి. 1975లో వర్ణించినదానిని 2010లో మరల సవిస్తరముగా పరిశీలించి ప్రకటించిరి. నిక్షేపమును కాపాడుటలో వారి పని శ్లాఘనీయము. కాని నిక్షేపదారునకు మరియొక విధి కూడ కలదు: లెక్క చెప్పుట. పోచంపల్లి బిడ్డ తన ఊరి రాక్షసబల్లిని నిలువెత్తున చూడవలెనన్నచో కలకత్తాకు పోవలెను. ఆ జంతువు కథ ఆ బిడ్డ మాటలాడు భాషలో ఎంతవరకు చేరినది? "ఎవరికిని సొంతము కాదు" అను మాట బలవంతుని నోట దోపిడికి తెరయగు ప్రమాదము ఎల్లప్పుడు కలదు. దాచువానికిని దోచువానికిని భేదము ఇచటనే తెలియును. దాచువాడు లెక్క చెప్పును. అదియును, సొమ్ము బయలుదేరిన చోటివారికి అర్థమగు మాటలలో చెప్పును.

ఇచట మరియొకరిని స్మరింపవలెను. మహలనోబిస్ సంస్థకు 1957లో ఇంగ్లండునుండి వచ్చి చేరిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ తరువాత భారతపౌరుడై, ఒరిస్సాలోని భువనేశ్వరమునకు పోయి, 1964 డిసెంబరు 1న అచటనే మరణించెను. తన దేహమును వైద్యవిద్యార్థుల అధ్యయనమునకై ఈయవలెనని ఆయన కోరియుండెను. ఆ దేహము మన కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు చేరెను. 1981లో కోట శిలలలో దొరకిన ఒక చిన్న దంతము ఆధారముగా గుర్తింపబడిన అతిప్రాచీనమైన క్షీరదమునకు కోటాథీరియం హాల్డేనై అని పేరిడిరి. ఆక్స్‌ఫర్డులో పుట్టినవాని ఎముకలు కాకినాడలో విద్యార్థులకు పాఠము చెప్పినవి. ఆయన పేరు ప్రాణహితాతీరపు రాతిలో నిలిచినది. మనుష్యునకు తన సొంతమని చెప్పుకొనదగిన వస్తువు ఏదైన నున్నచో అది తన ఎముకలే గదా! వానిని కూడ ఆయన నిక్షేపముగానే భావించి తరువాతివారికి అప్పగించెను. ఇట్టివానిని పరాయివాడనుటకు ఏ ప్రాచీనతా లెక్కకు ధైర్యము చాలును?

ఈ శిలలు నేర్పు పాఠము ఇంకొకటి కలదు. బారాపాసారస్ ఎముకలు అన్ని దొరకినను పుర్రె దొరకలేదు. కొన్ని దంతములు మాత్రమే దొరకినవి. కోటాసారస్ సంగతియు ఇంచుమించు అంతియే. పండితులు ఈ లోటును దాచలేదు. పుర్రె లేదని స్పష్టముగా వ్రాసిరి. మనమో? మన వంశవృక్షములను, మన వలసల చరిత్రలను చెప్పుకొనునప్పుడు తెగిపోయిన చోటులను ఎట్లు పూరించుచున్నాము? తెలియని తాతకు ఒక రాజాస్థానమును, తెలియని ప్రయాణమునకు ఒక విజయయాత్రను తగిలించుచున్నాము. బ్రదుకు తెరువు కొరకు కాలినడకన వచ్చిన మగ్గపువాడు, రైలుమార్గము వేయుటకు వచ్చిన కూలివాడు, కరవునకు తాళలేక వచ్చిన రైతు మన తాతలలో నుండినచో అందులో సిగ్గుపడవలసినదేమి? నిక్షేపములో లేని సొమ్మును చేర్చుటయు, ఉన్న సొమ్మును తీయుటవలెనే, లెక్కను చెరచుటయే. తెలియని చోట తెలియదని చెప్పుకొనగల జాతికి ఎవరి ప్రశ్నకును భయపడవలసిన పని లేదు.

ఇక మన భాష సంగతి. ఇల్లు విడిచి వచ్చినవారు మూటలో కట్టుకొని వచ్చిన సొత్తులలో ఇది ముఖ్యమైనది. దీనిని నిధిగా భావించువారు పెట్టెలో దాచుదురు. పండుగనాడు తీసి చూచి, సభలలో గొప్పగా చెప్పుకొని, మరల మూతవేయుదురు. నిక్షేపముగా భావించువారు దినదినము వాడుదురు, బిడ్డలచేత చదివింతురు, వ్రాయింతురు. భాష రాతివలె మార్పు లేనిది కాదు గదా, దానిని మార్చకుండ అప్పగించుట ఎట్లని అడుగవచ్చును. ఆవును అప్పగించి తీర్థయాత్రకు పోయినవాడు తిరిగివచ్చినప్పుడు ఆవునే గాక దూడను కూడ అప్పగించుట మన పల్లెల న్యాయము. ప్రాణమున్న నిక్షేపము పెరుగును. ఆ పెరుగుదలయు నిక్షేపమే. మన ఇండ్లలోని తెలుగున కన్నడపు మాటయో, అరవపు పలుకుబడియో, ఒరియా యాసయో, మరాఠీ పదమో చేరినచో అది దొంగసొమ్ము కాదు, దూడ. దానిని చూచి నవ్వువారికి బదులు చెప్పవలసిన పనియు లేదు. ఆవు బక్కచిక్కకుండ చూచుకొనుటయే మన పని.

మనవద్ద ఉన్న నిక్షేపము ఒక్కటియే కాదు, రెండు. తాతలు తెచ్చిన భాష ఒకటి. మనకు చోటిచ్చిన నేలయొక్క భాష, నీరు, గుడి, బడి రెండవది. మొదటిదానిని కాపాడుకొనుచు రెండవదానిని ఉపేక్షించినవాడు సగము లెక్కయే చెప్పినవాడగును. పొరుగువాని పాటను మెచ్చుకొనక తన పాటను మాత్రము వినుమనుట న్యాయము కాదు. రెండింటిని నిలిపినవాడు "మీరెప్పుడు వచ్చితిరి?" అను ప్రశ్నకు సంవత్సరములను లెక్కించి చెప్పనక్కరలేదు. ఇన్ని తరములుగా ఈ ఊరి చెరువుకట్టకు మన్ను మోసితిమి, ఈ ఊరి బడిలో చదివితిమి, చదివించితిమి, ఈ నేలకు కష్టము వచ్చినప్పుడు నిలిచితిమి అని చెప్పగలిగినచో చాలును. ముందు వచ్చినవాడు అను బిరుదు మన చేతిలో లేదు. అది కాలము చేతిలోనిది. మంచి కాపరి అను బిరుదు మాత్రము ప్రతితరమునకును స్వాధీనమైనదే.

కోట శిలలలో పండుకొనియున్న జీవులు ఎవరి హక్కునకును సాక్ష్యము చెప్పవు. తామున్నామని, పోయితిమని మాత్రమే చెప్పును. అన్ని కోట్ల ఏండ్ల తరువాత ఆ మాటయైనను వినబడుటకు కారణము, వానిపై పడిన మన్ను వానిని చెడకుండ కాపాడుటయే. అచేతనమైన మన్ను చేయగలిగిన పనిని చేతనులమైన మనము చేయలేమా? ఆ పని చేసినంతకాలము ఏ ఊరిలో నున్నను మనము పరాయివారము కాము. చేయుట మానినచో స్వగ్రామమున నున్నను మన నిక్షేపమునకు లెక్క చెప్పలేని అప్పులవారమే.